అంబాసిడర్ వెనక సీటు

మా పుట్టింటిది ఫియట్, అత్తింటిది అంబాసిడర్. ఇలా అంటే ఇప్పటి పిల్లలు రెండిళ్ళలోనూ కార్లుండేవని అనుకుంటారు. కారున్నది మా నాన్నగారికి ఒక్కరికే. అత్తింటివారికి కారు లేదు, భక్తి ఉండేది. ఉన్న బండికి ఎప్పుడో ఒకప్పుడు వంక పెట్టక తప్పదు. లేని బండికి ఆ బాధ లేదు కాబట్టి వాళ్ళ భక్తి చెక్కు చెదరలేదు.

మా నాన్న డాక్టర్ యజ్ఞనారాయణగారు అమలాపురంలో నల్ల ఫియట్ వేసుకుని రోగుల ఇళ్ళకు వెళ్ళేవారు. నాకు వయసు రాగానే కాలవ గట్టు మీద ఆ కారు నాచేత నడిపించారు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలం, మధ్యలో కారు పట్టేంత దారి. ఎదురుగా గడ్డిబండి వస్తే వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాల్సిందే. నేను నడిపాను. బాగా నడిపాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. లైసెన్సు చేతికొచ్చిన రోజు నాన్న ఆసుపత్రి మూసేసి, పక్క సీట్లో కూర్చుని, ముక్తేశ్వరం దాకా నాచేతే తోలించుకున్నారు.

తర్వాత పెళ్ళయింది. మావారు కామేశ్వరరావుగారు హైదరాబాదులో విద్యుత్ శాఖలో ఇంజినీరు. బోరబండ అవతల, రాళ్ళ మధ్య కొత్తగా లేచిన ఇళ్ళలో మాదొకటి. బస్సు కోసం చాలా దూరం నడవాలి. నా లైసెన్సు ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఉండిపోయింది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వంట వచ్చినామెను వంటింట్లోకి రానివ్వకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఆయన్ని నస పెట్టి, నస పెట్టి ఫియట్ బుక్ చేయించాను. ఆ రోజుల్లో కారంటే ఇవాళ డబ్బు కట్టి రేపు తెచ్చుకునేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకోవాలి. ఆయన తన పేరు మీద రాయించారు. ప్రభుత్వోద్యోగి కారు కొనాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి కాబట్టి అదీ తెచ్చుకున్నారు.

అంతలో మా మామగారు సీతారామయ్యగారు రిటైరై కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయారు. కలెక్టరాఫీసులో తలపండిన మనిషి. పంచె మడత నలగనివ్వరు. మాట పొదుపు. అలాంటి మనిషి, ఫియట్ బుక్ చేశామని తెలియగానే ఒంటికాలి మీద లేచారు.

"ఫియటా? ఆ అగ్గిపెట్టెలో మనిషి ఎలా కూర్చుంటాడ్రా? కారంటే అంబాసిడర్. అది వచ్చి ఆగితే ఊరంతా లేచి నిలబడుతుంది."

"నాన్నగారూ, పెట్రోలు తక్కువ తాగుతుంది కదండీ ఫియట్," అన్నారు మావారు.

"ఏనుగుని కొనేవాడు చెరుకు లెక్కేసుకుంటాడా?"

నేను వంటింట్లోంచే, "మా నాన్నగారి ఫియట్ ఏనాడూ దారిలో ఆగలేదండీ మావయ్యగారూ," అన్నాను.

"మీ నాన్నగారు సన్నగా ఉంటారు కదమ్మా," అన్నారాయన.

అలా సాగేది మా ఇంట్లో. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఫియట్ వాళ్ళ చేతివంట అనేవారు. ఆయన కళ్ళజోడు కనబడకపోతే, అంబాసిడర్ డిక్కీలో చూసుకోమనేదాన్ని. నవ్వుతూనే అనుకునేవాళ్ళం కానీ లోపల ఎవరి పౌరుషం వాళ్ళది. నాకు ఫియట్ అంటే మా నాన్న. దాన్ని అగ్గిపెట్టె అంటే నాన్నని అన్నట్టే ఉండేది.

చివరికి తండ్రి పోరు పడలేక మావారు అంబాసిడర్ కూడా బుక్ చేశారు. ఏది ముందొస్తే అది ఉంచుకుని, రెండో వంతు ఎవరికైనా వదిలేద్దామని ఆయన ఉపాయం. అయితే ఆఫీసులో రెండో కారుకి అనుమతి అడిగితే, ఎక్కడిదయ్యా ఇంత డబ్బు అంటారని భయం. అందుకని దాన్ని నా పేరు మీద రాయించారు. నేను పిండి కలుపుతుంటే వచ్చి, చెయ్యి కడుక్కుని ఇక్కడ సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నాకిష్టమైన బండి ఆయన పేరు మీద, వాళ్ళకిష్టమైన బండి నా పేరు మీద ఉన్నాయని అప్పుడు ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

డెబ్భై నాలుగు సంక్రాంతి వెళ్ళాక షోరూం నుంచి కబురొచ్చింది. వచ్చింది అంబాసిడర్.

మామగారు ఆ పూట రెండుసార్లు కాఫీ అడిగారు. పక్కింటివాళ్ళకి చెప్పి వచ్చారు. డ్రైవర్ని ఎక్కడ వెతకాలో, అతనికి తెల్ల బట్టలు కుట్టించాలా ఖాకీవా అని కొడుకుతో ఆలోచన మొదలుపెట్టారు. మావారికి డ్రైవింగ్ రాదు. నేర్చుకుందామన్న ఊహ కూడా ఆయనకి లేదు. వాళ్ళ లెక్కలో కారంటే ఎక్కి కూర్చునేదే.

"బాలా, రేపు నువ్వూ రావాలి. బండి నీ పేరు మీద ఉంది కదా, నువ్వు సంతకం పెడితేనే ఇస్తారు," అన్నారు మావారు, అదేదో చిన్న పనన్నట్టు.

అప్పుడు వెలిగింది నాకు. గరిటె పక్కన పెట్టి హాల్లోకి వచ్చాను. మామగారి ఎదుట అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

"వస్తానండీ. సంతకం పెడతాను. కానీ బండి ఇంటికి నేను నడుపుకుని వస్తాను. ఆ తర్వాత కూడా నేనే నడుపుతాను. డ్రైవరు వద్దు."

మామగారు కుర్చీలోంచి లేచారు. "అంబాసిడర్‌ని ఆడమనిషి నడపడమేమిటమ్మా? కలెక్టరుగారి భార్యే ఏనాడూ స్టీరింగ్ ముట్టుకోలేదు," అన్నారు.

"ఆవిడకి రాదు కాబట్టి ముట్టుకోలేదు. నాకు వచ్చు. కుదరదంటే ఈ వంతు ఎవరికైనా వదిలేద్దాం. ఫియట్ వచ్చేదాకా ఆగుతాను. నాకేం తొందర లేదు."

తొందర లేకపోవడం పచ్చి అబద్ధం. స్టీరింగ్ పట్టుకోవాలని నా చేతులు ఎన్నాళ్ళుగానో కొట్టుకుంటున్నాయి. అది ఫియట్ కాకపోయినా సరే పట్టుకుంటానని నాకు నేనే ఆ క్షణంలో తెలుసుకున్నాను. ఆ సంగతి బయటికి చెప్పేంత వెర్రిదాన్ని కాదు.

మర్నాటి షోరూం ప్రయాణం వాయిదా పడింది. మావారు ఒకసారి తండ్రి వైపు, ఒకసారి నా వైపు చూసి పేపరు అడ్డం పెట్టుకునేవారు. మామగారు వసారాలో పచార్లు చేసేవారు. చివరికి ఒక మధ్యాహ్నం, నేను బియ్యం ఏరుతుంటే గుమ్మం అవతల నిలబడి మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నీకొక సంగతి చెప్పాలి. సర్వీసులో ఏళ్ళ తరబడి నేను అంబాసిడర్‌లో తిరిగాను. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని. వెనక సీట్లో ఆఫీసర్లు. బండి ఆగగానే నేను ముందు దిగి వాళ్ళకి తలుపు తియ్యాలి. ఒక్కసారైనా వెనక సీట్లో నా అంతట నేను కూర్చోవాలని ఉండేది. అదీ సంగతి. ఎవరు నడిపితే ఏం? నువ్వే నడుపు. కానీ అంబాసిడర్‌ని వదులుకోవద్దు."

ఆడమనిషి నడపకూడదన్న పట్టుదల కంటే అంబాసిడర్ మీద ఆయనకున్న మమకారమే గెలిచింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. సరేనన్నాను.

సికింద్రాబాదు షోరూం నుంచి మీగడ రంగు అంబాసిడర్‌ని నేనే బయటికి తీశాను. స్టీరింగ్ ఫియట్ కంటే బరువు. మలుపు దగ్గర భుజం మొత్తం వెయ్యాలి. గేరు మారుస్తుంటే మొదట రెండుసార్లు గర్రుమంది. వెనక సీట్లో తండ్రీ కొడుకులిద్దరూ ఊపిరి బిగబట్టారు. బాలానగర్ రోడ్డెక్కేసరికి నా చేతులకి పాత విద్య మొత్తం తిరిగొచ్చేసింది. లారీ వాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. చూడనీ అనుకున్నాను.

తర్వాత రోజూ పొద్దున్నే మాదాపూర్ వైపు వెళ్ళి చెయ్యి సాఫు చేసుకునేదాన్ని. అప్పుడక్కడ బండరాళ్ళు, జొన్నచేలు, మేకలు తప్ప మరేమీ లేవు. ఈనాడు హైటెక్ సిటీ అని గొప్పగా చెప్పుకునే చోట నేను రివర్సు తీయడం సానపెట్టుకున్నాను. ఆ అద్దాల మేడల్లో పనిచేసే వాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు.

మామగారు ఎప్పుడెక్కినా వెనక సీట్లోనే, సరిగ్గా మధ్యలో కూర్చునేవారు. అందుకు ఆయన ముచ్చట ఒక కారణమైతే, మా వైపు పద్ధతి ఇంకో కారణం. కోడలు మామగారితో సమానంగా ఒకే ఆసనం మీద కూర్చోదు. అంబాసిడర్ ముందు సీటు అటు నుంచి ఇటు దాకా ఒకటే బల్ల లాంటిది. దాని మీద నేనుంటే ఆయన వెనక ఉండాల్సిందే. ఇద్దరికీ అదే మర్యాదగా తోచింది.

మాఘమాసం చివర ఒక ఆదివారం ఆయన కొత్త పంచె కట్టుకుని, "పుప్పాలగూడ వెళ్దామా అమ్మాయ్?" అన్నారు. అక్కడ ఆయన పాత ఆఫీసరు రామ్మోహనరావుగారు రిటైరయ్యాక ద్రాక్షతోట వేశారు. ఏళ్ళపాటు ఈయన చేత తలుపులు తీయించుకున్న వెనక సీటు మనిషి ఆయనే. ఎందుకు వెళ్దామంటున్నారో నాకు అర్థమైంది. నాకూ హుషారు వచ్చింది. ఈ కారు నాది, నేను నడుపుకుంటూ వచ్చానని ఒక పెద్దాఫీసరు ముందు దిగాలని నాకు మాత్రం ఉండదా? మంచి చీర కట్టుకున్నాను. మావారు డ్యూటీకి వెళ్ళడంతో ఇద్దరమే బయల్దేరాం.

రాయదుర్గం దాటాక దారి రాళ్ళమయం. గొర్రెల మంద అడ్డం వస్తే హారన్ కొట్టకుండా ఆగి, కాపరి తోలుకున్నాక కదిలాను. పెద్ద బండ పక్కన వాలు మీద మొదటి గేర్లో ఒక్క కుదుపు లేకుండా ఎక్కించాను. అద్దంలో చూస్తే ఆయన చేయి కిటికీ మీద వేసుకుని, తల కొంచెం పైకెత్తి కూర్చున్నారు. అచ్చం కలెక్టరు లాగే ఉన్నారు.

తోట గేటు దగ్గర కాపలా మనిషి ఎల్లేశం పరుగున వచ్చి వెనక సీటుకి సలాం కొట్టి తలుపు తీశాడు. తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"డ్రైవరమ్మా, బండి గా రేకుల షెడ్డు పక్కపొంటి పెట్టు. నువ్వు గీడ్నే కూసో. సార్లు లోపట మాట్లాడుకుంటరు. నీళ్ళు పంపిస్త."

నేను మామగారి వైపు చూశాను. ఆయన నోరు తెరిచారు. చెప్పబోతున్నారు. సరిగ్గా అప్పుడే వరండాలోంచి, "ఎవరూ? సీతారామయ్యేనా? అంబాసిడర్‌లో వచ్చావేమిటయ్యా!" అని రామ్మోహనరావుగారి గొంతు వినబడింది. అంతే, మామగారి నోరు మూతపడింది. భుజం మీది కండువా చేతిలోకొచ్చింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. "అవునండి సార్, నేనేనండి," అంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

నాకు మొహం వేడెక్కిపోయింది. షెడ్డు పక్కన కారు పెట్టి లోపలే కూర్చున్నాను. తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. ద్రాక్షలు మోసుకుంటూ నడిచి రానీ అనుకున్నాను. తాళం మీద చెయ్యి పెట్టాను కూడా. అంత వయసు మనిషిని ఆ రాళ్ళ దారిలో వదలడానికి మనసొప్పలేదు. అందుకు నా మీద నాకే ఇంకా కోపం వచ్చింది.

ఎల్లేశం భార్య రుక్కమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. నడుముకి కొంగు బిగించి, తోటలోంచి సరాసరి వచ్చినట్టుంది.

"ఎండల పరేషాన్ అయితున్నవు, జర నీడకు రా అమ్మా. ఆడిమనిషివి గింత పెద్ద మోటరు నడుపుతున్నవ్, దేవునికెరుక! నెలకు ఏమిస్తరు నీకు?"

"ఏమిస్తారేమిటి? కారు నాదే."

రుక్కమ్మ పకపకా నవ్వింది. "మంచిగ చెప్పినవ్. నీదైతే గా పెద్దసారు ఎన్క ఎందుకు కూసున్నడు? నువ్వు ముందట ఒక్కదానివే ఎందుకున్నవ్?"

"ఆయన మా మామగారు. మాలో కోడలి పక్కన కూర్చోరు."

"గదేం పద్ధతి? మా మామ ఎడ్లబండి తోలుతుంటే నేను పక్కకే కూసొని మార్కెట్‌కు పోయిన. తిట్టుకుంట పోయినం, నవ్వుకుంట పోయినం. ఎన్క కూరగాయలుండె." మజ్జిగ నా చేతికిచ్చి మళ్ళీ నవ్వింది. "ఏమనుకోకు గాని, నీదే అంటే నమ్మబుద్ధైతలేదమ్మా."

కాలవ గట్టు మీద నాన్న నా పక్కనే కూర్చున్నారు. ఆ మాట రుక్కమ్మకి చెప్పి ఏం లాభం? మజ్జిగ తాగేసి చెంబు ఇచ్చేశాను.

చాలాసేపటికి పెద్దవాళ్ళిద్దరూ బయటికొచ్చారు. ఎల్లేశం వెనకాలే ద్రాక్షల బుట్ట మోసుకొచ్చాడు. నేను దిగలేదు. డ్రైవరు కూర్చున్నట్టే కూర్చుని ఎదురుగా చూస్తున్నాను. రామ్మోహనరావుగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచేత్తో తట్టారు.

"నేను రిటైరయ్యాక అంబాసిడర్ ఎక్కనే లేదయ్యా. సర్కారు బండి పోయింది, నాకొచ్చిన పెన్షను ఈ పందిళ్ళకే సరిపోయింది. నువ్వు కొన్నావు చూడు! పైగా లేడీ డ్రైవరు! హైదరాబాదు మొత్తం మీద ఇంకెవరికీ ఉండదు."

మామగారు కండువా కొస నలుపుతూ నిలబడ్డారు. అప్పుడు రామ్మోహనరావుగారు ముందుకొచ్చి, స్వయంగా తన చేత్తో వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఎక్కండి, సీతారామయ్యగారూ," అన్నారు.

ఆ 'గారు' నా చెవిన పడింది. అద్దంలో మామగారి మొహం కనబడుతోంది. జీవితమంతా ఆయన తీసిన తలుపు, ఇవాళ ఆ ఆఫీసరే ఆయన కోసం తీసి నిలబడ్డారు. ఇంతకంటే ఆయన కోరుకున్నదేమీ లేదు. ఆయన తెరిచిన తలుపు కేసి, లోపలి సీటు కేసి చూస్తూ ఉండిపోయారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక ఎక్కి కూర్చుంటారు, నేను ఇంటికి తోలుకుపోవడమే మిగిలింది అనుకున్నాను.

ఆయన చెయ్యి చాపి మెల్లిగా ఆ తలుపు మూసేశారు.

"క్షమించండి సార్. ఈ కారు నేను కొనలేదు. మా కోడలిది. అమలాపురం డాక్టర్ యజ్ఞనారాయణగారి అమ్మాయి. మీ గేటు దగ్గర మీ మనిషి డ్రైవరమ్మా అంటే నేను నోరు మూసుకుని లోపలికొచ్చాను. మీరు ఫలహారం పెడుతుంటే గొంతు దిగలేదు. ఆ రాళ్ళ దారిలో నన్ను కుదుపు తగలకుండా తీసుకొచ్చింది సార్ ఈ పిల్ల. యజమాని ముందు కూర్చుంటే నేను వెనక కూర్చోవడమేమిటి?"

చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తీశారు. పంచె కొస సర్దుకుని నా పక్కన, ఆ ఒకే సీటు మీద కూర్చున్నారు. నేను గభాల్న తలుపు వైపు ఒదిగాను. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలింది.

రామ్మోహనరావుగారు కంగారుపడిపోయారు. "అయ్యో, ఏమమ్మా, లోపలికే రాలేదు... పొరపాటైపోయింది," అన్నారు.

"ఈసారి వస్తానండీ. కారు వరండా ముందే ఆపుతాను," అన్నాను. ఆ మాట ఎంత నిండుగా అన్నానో ఇప్పటికీ నాకు గుర్తే. షెడ్డు దగ్గర రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

గేటు దాటాం. నాకు కళ్ళు మసకబారుతుంటే ఒక చేత్తో తుడుచుకుంటూ నడిపాను. కోపం ఎక్కడ పోయిందో తెలియదు. రాయదుర్గం దగ్గర ఆయన నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, సర్వీసంతా ఇలా ముందు సీట్లోనే కూర్చున్నాను. చూపంతా ఒళ్ళో ఫైళ్ళ మీదే. దిగేటప్పుడు ఏం చెప్పాలి, ఎంత తొందరగా తలుపు తియ్యాలి, ఇదే ధ్యాస. రోడ్డు ఎప్పుడూ చూడనే లేదు."

"ఇప్పుడు చూడండి మావయ్యగారూ," అన్నాను.

చూశారు. బండల మీద ఎండ, చేల గట్లు, ఎదురొచ్చే సైకిళ్ళు అన్నీ చూశారు. నేను గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి కేసి చూశారు. లారీ ఒకటి ఎదురైతే పక్కకు తీసి దారిచ్చాను. "భేష్," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

బోరబండ చేరాం. మా వీధి మలుపు దగ్గర వేగం తగ్గించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"అప్పుడే ఇంటికెందుకమ్మా? బజారు మీదుగా ఒక చుట్టు తిప్పు. ఎవరి కార్లో ఎవరు కూర్చున్నారో అందరూ చూడాలి."

తిప్పాను.